సవరణ: ఆ నవల్లో ఫిలిం రీళ్లు లేవు

మొన్న ప్రత్యామ్నాయ చరిత్ర నవలలు (చరిత్ర వేరే దారి పట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించేవి) సూచిస్తూ, ఫిలిప్ కె. డిక్ రాసిన ‘ది మ్యాన్ ఇన్ ది హై క్యాసిల్’లో జనం చాటుమాటుగా ఫిలిం రీళ్లు చేతులు మార్చుకుంటారని రాశాను. అది తప్పు. రీళ్లు 2015లో మొదలైన వెబ్ సిరీస్‌లోవి, నేను రెండూ కలిపేశాను. రాజమండ్రి మిత్రుడొకరు చెప్పాక నవల మళ్లీ తీసి చూశాను.

1962లో వచ్చిన ఆ నవల్లో చేతులు మారేది ఒక పుస్తకం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచిన లోకంలో కూర్చుని, అవి ఓడిపోయి ఉంటే ఎలా ఉండేదో ఒకాయన రాసిన నవల అది, పైగా అందులో యుద్ధం తర్వాతి లోకం కూడా మన చరిత్రలా ఉండదు. (అసలు మజా అంతా అక్కడే ఉంది, సిరీస్‌లో నాకు అది దొరకలేదు.) చాటుమాటుగా అన్నదీ పూర్తిగా సరికాదు: జర్మన్ల ఏలుబడిలో దానిమీద నిషేధం, జపాన్ చేతిలో ఉన్న అమెరికా పడమటి తీరంలో మాత్రం బాహాటంగానే చదువుతారు.

ఇంకొకటి. 1852కల్లా పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అసలు కట్టకపోయి ఉంటే మన డెల్టా ఏమయ్యేది అని రాశాను కదా, ఆ నవల ఎక్కడ దొరుకుతుందని అమలాపురం, భీమవరం నుంచి అడుగుతున్నారు. అలాంటి నవల ఉందని నేననలేదండీ, చరిత్ర ఎక్కడ దారి మళ్లుతుందో చెప్పడానికి ఇచ్చిన ఉదాహరణ మాత్రమే. అంత పెద్ద మలుపే కావాలంటే కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ‘ది ఇయర్స్ ఆఫ్ రైస్ అండ్ సాల్ట్’ (2002) చూడండి, ప్లేగుతో ఐరోపా దాదాపు ఖాళీ అయిపోయాక నడిచే చరిత్ర అది.