అరగంట ప్రజాప్రయోజనం

మొన్న రాత్రి నిద్ర పట్టక టీవీ పెట్టాను. పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. రెండు సీరియళ్ల మధ్య, ఎవరూ పిలవకుండానే తెరమీదికి ఒక మొక్క వచ్చింది. దాని వెనక వేణుగానం. "చెట్లను కాపాడండి" అని ఒక గొంతు గబగబా చెప్పేసి, ఎవరో తరుముతున్నట్టు వెళ్లిపోయింది. ఆ వెంటనే కారు ప్రకటన. ఈ వేళప్పుడు మొక్కకు ఇక్కడేం పనని ఆరా తీస్తే తెలిసింది, అది నా కోసమే వచ్చిందట. దాని పేరు ప్రజాప్రయోజనం. నేను ప్రజని కదా మరి.

సంగతేమిటంటే, కేంద్ర సమాచార ప్రసార శాఖ 2022 నవంబరులో చానెళ్లకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఆటల చానెళ్లలాంటి కొన్నింటిని మినహాయిస్తే ప్రతి చానెలూ రోజుకు కనీసం 30 నిమిషాలు జాతీయ ప్రాధాన్యం ఉన్న అంశాలతో ప్రజాసేవకు కేటాయించాలి. చదువు, వ్యవసాయం, ఆరోగ్యం, శాస్త్ర సాంకేతికాలు, మహిళలు, బలహీన వర్గాలు, పర్యావరణం, జాతీయ సమైక్యత, ఇలా ఎనిమిది అంశాలు రాసిచ్చారు. ధరలూ ఉద్యోగాలూ ఆ జాబితాలో లేవు. వాటికి జాతీయ ప్రాధాన్యం వచ్చినప్పుడు చేరుస్తారు కాబోలు.

నాకు పెద్ద లెక్కలు రావుగానీ తీసివేతలు వచ్చు. ఇరవై నాలుగ్గంటల్లో అరగంట పోతే మిగిలింది ఇరవై మూడున్నర. ఈ ఇరవై మూడున్నర గంటలూ ఎవరి ప్రయోజనానికో మార్గదర్శకాల్లో రాయలేదు. అడగడం మర్యాద కూడా కాదు.

అరగంట మంచి ఒకేసారి మింగమంటే చానెళ్లకు అరగదని 2023 జనవరిలో ఒక వివరణ వచ్చింది. ముక్కలు ముక్కలుగా వేసుకోవచ్చు. నెలకు మొత్తం 15 గంటలు లెక్క తేలితే చాలు. మామూలు కార్యక్రమంలోనే ప్రజాప్రయోజనాన్ని కలిపేసి, ఆ కలిపినంత సేపూ లెక్కలో రాసుకోవచ్చు. ఒక్కటే షరతు: అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా వేసింది చెల్లదు. చానెళ్లతో ఎన్నేళ్లు కాపురం చేస్తే తట్టిన షరతో అది! అందుకే నా మొక్క పదకొండూ నలభైకి, ఆఖరి బస్సు అందుకోవడానికి పరిగెత్తినట్టు వచ్చింది. రోజుకు 12 గంటలకు పైగా భక్తి, యోగా చూపించే చానెళ్లయితే నెలనెలా ఈ లెక్కలు కూడా పంపక్కర్లేదు. వాళ్ల లెక్కలు పైవాడు చూసుకుంటాడు.

నాకు బాగా నచ్చింది ఆ 'కలిపేయడం'. ఈ వివరణ వచ్చిన రోజు ఏదో ఒక సీరియల్ ఆఫీసులో ఏం జరిగి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. ప్రోగ్రామ్ హెడ్ గారు కూర్చున్నారు. ఎదురుగా కొత్తగా పెట్టుకున్న ప్రజాప్రయోజనాల గుమస్తా, చేతిలో స్టాప్‌వాచ్.

"ఈరోజు ఎపిసోడ్‌లో ఏముందయ్యా?"

"అత్తగారు కోడలి పాయసంలో విషం కలుపుతుంది సార్."

"అందులో ప్రజలకేంటి?"

"కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కుంటుంది సార్. ఇరవై సెకన్లు. ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం."

"శభాష్. నాలుగు కోణాల్లో తీయమను. ఎనభై సెకన్లు అవుతుంది. ఇంకా?"

"విషం సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ చూస్తుంది సార్. శాస్త్ర సాంకేతికం. ఆ తర్వాత తులసికోట చుట్టూ తిరుగుతుంది. పర్యావరణం, సాంస్కృతిక వారసత్వం. అవి రెండూ ఒకే అంశం కిందికి వస్తాయి గనక ఒక్కసారే రాశాను సార్, దొంగలెక్క ఎందుకని."

"నీలాంటివాడే కావాలయ్యా దేశానికి. చదువు?"

"కోడలు 'నేను చదువుకుంటాను' అంటుంది. ఉరుముతుంది. మామగారి మొహం, మరిది మొహం, పనిమనిషి మొహం, గోడ మీద పోయిన తాతగారి మొహం. అన్నీ కలిపి మూడు నిమిషాల పది సెకన్లు అక్షరాస్యత సార్."

"చదువుకుంటుందా చివరికి?"

"లేద్సార్. కళ్లు తిరిగి పడిపోతుంది."

"వ్యవసాయం ఎక్కడా తగల్లేదే?"

"విలన్ పొలం రాయించుకుంటాడు సార్. సంతకం పెట్టేదాకా వ్యవసాయం, పెట్టాక గ్రామీణాభివృద్ధి. మహిళా సంక్షేమానికి లోటు లేదు. ఇంట్లో ఆరుగురు ఆడవాళ్లు, ఒక్కరికీ ఉద్యోగం లేదు, నిద్రలో కూడా వడ్డాణాలే."

"జాతీయ సమైక్యత?"

గుమస్తా ఇక్కడ కొంచెం సిగ్గుపడ్డాడు. "హీరోయిన్‌ది బెంగళూరు, విలన్‌ది కేరళ, గొంతు విజయవాడ అమ్మాయిది, కథ హిందీది. ఎపిసోడ్ మొత్తం సమైక్యతే సార్. ఇరవై రెండు నిమిషాలు."

నెలాఖరుకు వాళ్ల దగ్గర పదిహేను గంటలు పోగా ఇంకా మిగిలి ఉంటుందని నా అనుమానం. అంత ప్రజాప్రయోజనాన్ని ఏం చేసుకోవాలో తెలియక గోడౌన్లో పెట్టి ఉంటారు.

కుటుంబ సంక్షేమం అంటే గుర్తొచ్చింది. కండోమ్ ప్రకటనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు మధ్యనే వేయమని ఇదే శాఖ 2017 డిసెంబరులో చెప్పింది. గోల అయ్యాక, అసభ్యంగా ఉన్నవాటికే ఆ మాట అని సర్దుకుంది. పదికి ముందు పిల్లలు చూస్తారు, పన్నెండు తర్వాత లెక్కకు రాదు. ఈ రెండు మాటలూ కలిపి చదివితే దేశంలో కుటుంబ సంక్షేమానికి మిగిలింది రాత్రి రెండే గంటలు. జనం ఆ రెండు గంటలూ సీరియల్ చూస్తున్నారు.

అసలు ఈ అరగంట తర్వాతి మాట. మనకు కేబుల్ టీవీ నిబంధనలు 1994 నుంచీ ఉన్నాయి. వాటిలోని ప్రోగ్రామ్ కోడ్ ప్రకారం మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదు. అవును, వేయకూడదు. ఈ వాక్యం చదివి తెల్లవారి ఆరున్నరకు ఏ తెలుగు చానెల్ అయినా పెట్టి చూడండి. ఒకాయన మీ పెళ్లి కాకపోవడానికీ మీ పుష్యరాగానికీ ఉన్న సంబంధం చెబుతుంటాడు, కింద ఫోన్ నంబరు. ప్రకటనలు తెర అడుగున బొమ్మకు అడ్డం పడకూడదని కూడా నిబంధన ఉంది. మ్యాచ్ చూస్తుంటే ఆఖరి బంతి సిమెంటు బస్తా వెనక్కి వెళ్లిపోతుంది, అది సిక్సరో క్యాచో బస్తాకే తెలియాలి.

మరి ఎవరూ చూడట్లేదా అంటే, పాపం, చూస్తున్నారు. చానెళ్ల మీద నిఘాకు ఢిల్లీలో ఎలక్ట్రానిక్ మీడియా మానిటరింగ్ సెంటర్ అని ఒకటి 2008 నుంచీ ఉంది. వందల చానెళ్లను జీతం తీసుకుని చూడటం అక్కడివాళ్ల ఉద్యోగం. వాళ్లకు యుద్ధభూమిలో పనిచేసేవాళ్లకిచ్చే భత్యం ఇవ్వాలి. ఇక వార్తా చానెళ్ల సంఘం తనకు తానే పెట్టుకున్న పెద్దల కమిటీ వేయగలిగిన గరిష్ఠ జరిమానా 2023 నాటికి లక్ష రూపాయలు. లక్షతో ఎవరు భయపడతారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడగాల్సి వచ్చింది. చర్చలో అరిచిన ఆ గంటకే ప్రకటనల మీద ఎంత వస్తుందో కోర్టువారికీ తెలిసినట్టే ఉంది.

ఇంత మెతక ప్రభుత్వానికి కోపమే రాదా అనుకుంటాం. వస్తుంది. 2022 జనవరిలో ఒక మలయాళ వార్తా చానెల్‌కు అనుమతి పొడిగించేది లేదన్నారు. ఏం తప్పు చేశామని ఆ చానెల్ అడిగితే దేశభద్రత అన్నారు. వివరాలు సీల్డ్ కవర్లో పెట్టి జడ్జీలకు చూపించారు, శిక్ష పడ్డవాడికి మాత్రం చూపించలేదు. చివరికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వ విధానాలను విమర్శించినంత మాత్రాన వ్యవస్థకు వ్యతిరేకం అనడం కుదరదని పెద్ద కోర్టు పనిగట్టుకుని చెప్పాల్సి వచ్చింది.

అక్కడ కనీసం కవరన్నా ఉంది. మన దగ్గర అదీ అక్కర్లేదు. 2014లో తెలంగాణలో రెండు తెలుగు వార్తా చానెళ్లు కేబుల్లోంచి మాయమయ్యాయి. 2019 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వేరేవి పోయాయి. 2024 ఎన్నికల తర్వాత అక్కడే ఇంకొన్ని పోయాయి. గెలిచిన పార్టీలు మారాయి, పోయిన చానెళ్లు మారాయి, పద్ధతి మాత్రం ఒకటే. చట్టం ప్రకారం ప్రసారం ఆపాలంటే కారణం చూపి ఉత్తర్వు ఇవ్వాలి. ఇక్కడ ప్రభుత్వం ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. ఆపరేటర్లకే ఉన్నట్టుండి మనసు మారిందట, అందరికీ ఒకేసారి.

ఆ చానెళ్లలో సగం నేను పది నిమిషాలు కూడా చూడలేను. అబద్ధాలు చెబుతారు, యజమాని పార్టీకి డప్పు కొడతారు. అయితే నోటీసివ్వండి, కోర్టుకు లాగండి, జరిమానా వేయండి. కానీ నెలనెలా డబ్బు కట్టేది నేను. చూడాలో తిట్టుకోవాలో తేల్చుకోవాల్సిందీ నేను. గాలిలో తిరిగే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నా ఆస్తికి పట్టా ఎవడి చేతిలో ఉంది? నా రిమోట్ మీద నా వేలి పక్కన ఈ రెండో వేలు ఎవడిది? సిగ్గులేని సంగతి ఇంకొకటుంది. అవతలివాళ్ల చానెల్ పోయినప్పుడు మనం చప్పట్లు కొట్టాం. మీరూ కొట్టారు, గుర్తు తెచ్చుకోండి. తర్వాత మన చానెల్ పోయినప్పుడు ప్రజాస్వామ్యం అని అరిచాం.

అప్పట్లో ఓసారి మా కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశాను.

"బాబూ, ఆ న్యూస్ చానెల్ రావట్లేదేంటి?"

"టెక్నికల్ ప్రాబ్లం సార్."

"మిగతావన్నీ వస్తున్నాయిగా?"

"దానికొక్కదానికే సార్ టెక్నికల్."

"ఎప్పటికి బాగవుతుంది?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. అబద్ధమాడటం ఇంకా అలవాటు కాని పిల్లాడు.

"మళ్లీ ఓట్లయ్యాక రావచ్చు సార్."

ఆ నంబర్లో ఇప్పుడు వేరే చానెల్ పెట్టారు. నొక్కితే అత్తగారు కనబడింది. చేతులు కడుక్కుంటోంది, నాలుగు కోణాల్లో.