"స్కిల్స్ నేర్పితే చాలు" అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిదీ: యూనివర్సిటీలు స్కిల్స్ నేర్పితే చాలు, సస్టైనబిలిటీ (రేపటి తరాలకీ మిగిలేలా వాడుకోవడం), క్రిటికల్ థింకింగ్ అంటూ టైం వేస్ట్ చేయొద్దు, పర్యావరణాన్ని టెక్నాలజీ చూసుకుంటుంది, ఆలోచించడం నేర్చుకోవాలంటే నెట్ ఉంది కదా అని. వదిలేద్దాం అనుకున్నా గానీ నాలుగో గ్రూపులో కూడా కనపడేసరికి ఉండబట్టలేదు.

ముందు "స్కిల్స్ చాలు" సంగతి. థామస్ మిడ్‌గ్లీ అని ఒకాయన, మెకానికల్ ఇంజనీర్, మామూలు బుర్ర కాదు. ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోల్‌లో సీసం కలపొచ్చని 1921లో కనిపెట్టింది ఆయన టీమే, తర్వాత ఫ్రిజ్‌లలో వాడే విషవాయువుల బదులు సీఎఫ్‌సీ గ్యాస్ తెచ్చిందీ ఆయనే. రెండూ చెప్పిన పని చక్కగా చేశాయి. ఒకటి పిల్లల మెదళ్ల మీద పడింది, రెండోది ఓజోన్ పొర మీద. సీఎఫ్‌సీ సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు, ఒప్పుకుంటా. సీసం విషమని మాత్రం తెలుసుగా! 1924లో పెట్రోల్‌లో కలిపే ఆ సీసం ద్రవాన్ని తయారుచేసే ప్లాంట్లలో వర్కర్లు చచ్చిపోతే ఈయన విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని మరీ చూపించాడు, ఏం కాదని. స్కిల్‌కి లోటేముంది చెప్పండి.

"టెక్నాలజీ చూసుకుంటుంది" అట. మరి సీఎఫ్‌సీని పట్టుకుంది ఎవరు? కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ క్యాంపస్‌లో రోలాండ్, మొలీనా అని ఇద్దరు కెమిస్టులు. ఇంత గ్యాస్ గాల్లోకి వదుల్తున్నాం కదా, చివరికి ఎటు పోతోంది అని అడిగారు, అంతే. అది ఓజోన్‌ని తినేస్తుందని 1974లో రీసెర్చ్ పేపర్ వేస్తే కంపెనీలు విరుచుకుపడ్డాయి, 1987లో సీఎఫ్‌సీల్ని తగ్గించాలని దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం, 1995లో వాళ్లకి నోబెల్. బదులు గ్యాసులు తెచ్చింది టెక్నాలజీయే, కాదనను, కానీ ప్రశ్న ముందు, చట్టం తర్వాత, ఆ వెనకాల అది. సీసం కథా అంతే, కాల్‌టెక్ అనే అమెరికా యూనివర్సిటీలో ప్యాటర్సన్ అనే సైంటిస్టు భూమి వయసు లెక్కకడుతుంటే శాంపిల్స్ నిండా సీసమే తగిలేది, ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెంటపడ్డాడు, ఎక్కువగా పెట్రోల్ నుంచే అని తేల్చాడు. కార్లలో సీసం పెట్రోల్ ప్రపంచమంతా ఆగింది 2021లో. కరెక్ట్‌గా వందేళ్లు!

నెట్ సంగతంటారా, సమాచారం బోలెడు, నిజమే. కానీ మన వాదన విని "నీకెలా తెలుసు" అని ఎదురుగా కూర్చుని నిలదీసేవాళ్లు ఉండాలిగా, మనకి నచ్చిందే మళ్లీ మళ్లీ చూపించే ఫీడ్ ఆ పని చేయదు.

ఒక్క చోట మాత్రం ఆ మెసేజ్‌తో నాకు పేచీ లేదు. చాలా చోట్ల సస్టైనబిలిటీ పేపర్ అంటే 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాలు బట్టీ కొట్టి రాయడమే, అది టైం వేస్టే. అందుకని పేపరే ఎత్తేస్తారా? ఎనిమిదో లక్ష్యంలో ఆర్థిక వృద్ధి ఉంది, పదమూడోది వాతావరణ మార్పుని ఆపడం, ఒక ప్రాజెక్టు దగ్గర ఆ రెండూ కొట్టుకుంటే దేన్ని ఎందుకు ఆపుతావో రాయమనండి, బట్టీ ఎలా కొడతారో చూద్దాం.