ఎంత తినాలో తేల్చాల్సింది పిల్లలే

తిండి తినని పిల్లలతో వేగడం ఎలా అన్నదానికి చిట్కాలకి కొదవ లేదు. బొమ్మల పళ్లేలు, పాటలు, కథలు, కూరగాయలు కనబడకుండా మెత్తగా రుబ్బి కలిపేయడం, చేతికి ఫోనిచ్చి నోట్లో కుక్కేయడం. వీటన్నిటి వెనకా ఒకటే నమ్మకం ఉంది: ఎంత తినాలో మనకి తెలుసు, వాడికి తెలియదు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఆరోగ్యంగా ఆడుకుంటున్న పిల్లాడు ఎంత తినాలో తేల్చే పని వాడికే వదిలేయాలి. వద్దంటే పళ్లెం తీసేయాలి. బతిమాలకూడదు, బెదిరించకూడదు.

“ఏడాది నిండేదాకా బాగా తినేది, ఇప్పుడు నోరే తెరవడం లేదు” అన్న ఫిర్యాదు చాలా ఇళ్లలో ఒకే వయసులో మొదలవుతుంది. కారణం పెరుగుదల లెక్కల్లోనే ఉంది. 3 కిలోలతో పుట్టిన పాప మొదటి పుట్టినరోజుకి 9 కిలోలకి చేరుతుంది, అంటే మూడు రెట్లు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పొడవూ అంతే. మొదటి ఏడాది సుమారు 25 సెంటీమీటర్లు పెరిగితే, రెండో ఏడాది 12 దగ్గర ఆగుతుంది. పెరిగే వేగం సగానికి పడిపోయాక ఆకలి మాత్రం పాత జోరులోనే ఎలా ఉంటుంది? ఒళ్లు తన పని తాను సరిగ్గా చేసుకుపోతుంటే ఇంట్లో వాళ్లకి టెన్షన్ పట్టుకుంటోంది.

ఒక్క పూట చూసి బెంగపడటం కూడా తప్పే. అమెరికాలో పిల్లల తిండి అలవాట్లని పరిశోధించిన లియాన్ బిర్చ్ బృందం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు తిన్నదంతా తూచి, 1991లో ఆ ఫలితాలు ప్రచురించింది. పూటపూటకీ తీసుకునే కేలరీల్లో మూడో వంతు దాకా హెచ్చుతగ్గులున్నాయి. రోజు మొత్తం లెక్కేస్తే తేడా పది శాతం దగ్గరే తేలింది. పొద్దున ముట్టని పిల్లాడు సాయంత్రం సర్దుకుంటున్నాడు, ఎవరూ చెప్పకుండానే. మనం మాత్రం ఆ పొద్దుటి పూటనే పట్టుకుని రణరంగం చేస్తాం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకా పాత ప్రయోగం. క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు 1920ల్లో మొదలుపెట్టి, అప్పుడే తల్లిపాలు మాన్పించిన 15 మంది పసివాళ్లతో చేసింది. ట్రేలో రకరకాల పదార్థాలు విడివిడిగా పెట్టేవారు. నర్సు చెంచా పట్టుకుని ఊరికే కూర్చునేది. బిడ్డ చెయ్యి చాచినదే పెట్టాలి. ఇది తిను, అది వద్దు అనకూడదు, ముఖం చిట్లించకూడదు. ఒక్కో బిడ్డ తిండి చూస్తే నవ్వొస్తుంది: పొద్దున్నే నారింజ రసం, కాలేయం, రాత్రికి గుడ్లు, అరటిపళ్లు, పాలు. అయినా అందరూ చక్కగా పెరిగారు. ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో వచ్చిన ఒక పిల్లాడి ట్రేలో, దానికి మందుగా వాడే కాడ్ లివర్ ఆయిల్ (చేప కాలేయపు నూనె) గ్లాసు పెడితే, జబ్బు తగ్గేదాకా తనంతట తానే తాగి, తర్వాత మానేశాడు.

అసలు కిటుకు ఎక్కడుందో డేవిస్ దాచలేదు. పంచదార గానీ, పాలిష్ పట్టిన పిండి గానీ, డబ్బాలో వచ్చే సరుకు గానీ ఆ జాబితాలో లేవు. మొత్తం 34 పదార్థాలనీ పెద్దవాళ్లే ఎంచారు. పిల్లలకి దక్కిన స్వేచ్ఛ ఆ జాబితా లోపలే. చిన్న ప్రయోగమే, ఈ రోజుల్లో అయితే అనుమతి కూడా దొరకదు. కానీ ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు దశాబ్దాల తర్వాత చెప్పిన పని విభజనా ఇదే దారిలో ఉంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి పెద్దల పని. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల పని. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు. మన పనిలో వాళ్లడిగిన బిస్కెట్‌కి లొంగిపోయి, వాళ్ల పనిలో చెంచాతో జొరబడుతున్నాం.

మన పని మనం చేయడం తేలికేం కాదు. భోజనానికీ చిరుతిండికీ మధ్య రెండు మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకుండా ఉండాలి. పాలు రోజుకి అర లీటరు దగ్గర ఆపేయాలి. అంతకు మించితే ఆకలి చచ్చిపోతుంది, ఇనుము తగ్గి రక్తహీనతా రావచ్చు. జ్యూస్‌తోనూ అంతే, కడుపు నిండిపోతుంది. పళ్లెంలో వాడికి అలవాటైనది ఒకటైనా ఉండాలి. అరగంట కాగానే, ఏ వ్యాఖ్యానమూ లేకుండా పళ్లెం తీసేయాలి. కొత్త పదార్థమంటే బెదురు రెండు నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువ. అందులో పుట్టుకతో వచ్చే వాటా పెద్దదని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి పెంపకాన్ని నిందించుకోనక్కర్లేదు. ఒక కూర నచ్చడానికి పది పదిహేను సార్లు ఎదురుపడాల్సి రావచ్చు. మనం మూడోసారికే “వీడికిది పడదు” అని తీర్పిచ్చేస్తాం.

బలవంతం కనీసం పని చేస్తుందా అంటే అదీ లేదు. 2006లో బిర్చ్ సహచరులే ఇంకో పరీక్ష చేశారు. “సూప్ పూర్తి చెయ్యి” అని వెంటపడ్డప్పటి కంటే, వదిలేసినప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. లంచమూ అంతే. ఇది తింటే అది ఇస్తానన్న క్షణంలోనే, ఇది చెత్త అని మనమే ఒప్పుకున్నట్టు. ఇక ఆకలి పెంచే సిరప్ రాయమని డాక్టర్ని పీడించే వాళ్లకి ఒక మాట: అలాంటి వాటిలో వాడే సైప్రోహెప్టడిన్ అసలు అలర్జీ మందు. ఆకలి పెరగడం దాని దుష్ప్రభావం. నిద్రమత్తు ఇంకోటి.

“వదిలేస్తే చిక్కిపోతారు, పసివాళ్లకేం తెలుసు” అంటారు పెద్దవాళ్లు. ఆ భయం ఊరికే పుట్టలేదు. తిండికి కటకటలాడిన రోజులు చూసిన వాళ్లకి మిగిలిన ముద్ద నేరంలాగే కనిపిస్తుంది. నిజంగా వైద్యం కావాల్సిన పిల్లలూ ఉన్నారు: బరువు తగ్గేవాళ్లు, మింగేటప్పుడు పొలమారేవాళ్లు, తరచూ వాంతి చేసుకునేవాళ్లు, నీరసంగా పడుకునేవాళ్లు, వేళ్ల మీద లెక్కపెట్టే పదార్థాలు తప్ప ఏదీ ముట్టనివాళ్లు. వాళ్లని ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి. మిగతావాళ్ల సంగతి తేల్చేది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పెరుగుదల చార్టు, పక్కింటి బొద్దు పిల్లాడు కాదు. బిడ్డ బరువు చార్టులోని కింది గీతకి దగ్గరగా ఉన్నా, ఆ గీత వెంబడే పైకి పోతుంటే బిడ్డ బాగున్నట్టే.

నాకు తిండి కంటే పెద్ద పేచీ ఇంకొకటుంది. నీ ఒళ్లు నీది, ఎవరైనా ముట్టుకుంటే వద్దని గట్టిగా చెప్పమని బడిలో నేర్పిస్తున్నాం. మంచిదే. కానీ అదే పిల్లాడు మూడేళ్ల పాటు, రోజుకి మూడు పూటలా నేర్చుకున్నదేమిటి? నోరు మూసినా, తల తిప్పినా, చేత్తో తోసినా, ఏడ్చినా, ప్రేమించే మనిషి ఆగడు. ముక్కు మూస్తే నోరు తెరుచుకుంటుందని కనిపెట్టిన తెలివి ఎవరిదో గానీ, దాన్ని ముద్దు మురిపెం కింద జమకట్టడం మనకే చెల్లింది. తన ఒంటి గురించి మొదటిసారి వద్దన్నప్పుడు విననివాళ్లం, పదేళ్లు వచ్చాక మాతో అన్నీ చెప్పుకోవాలని ఏ మొహంతో అడుగుతాం?

మాట వినడమే మంచితనమన్న పిచ్చి మనల్ని వదలడం లేదు. పళ్లెం ఖాళీ చేసినవాడు మంచివాడు, కిక్కురుమనకుండా కూర్చున్నవాడు బుద్ధిమంతుడు, ఎదురు ప్రశ్న వేసినవాడు పొగరుబోతు. ఈ కొలతలన్నీ ఒకే చోట తయారవుతాయి, మొదటిది తిండి దగ్గర. ఇందులో తల్లిని మాత్రమే తప్పు పట్టడం అన్యాయం. బిడ్డ తినకపోతే వేలు ఆమె వైపే చూపించి, తిన్న ప్రతి చెంచానీ ఆమెకి మార్కుల్లా లెక్కేసే ఇంట్లో ఆమె బలవంతం చేయక ఏం చేస్తుంది? సలహాలిచ్చే బంధువులు ఒక వారం పాటు మూడు పూటలూ తామే వండి, పెట్టి, తినకపోయినా నోరు మెదపకుండా పళ్లెం తీసి చూపిస్తే వినొచ్చు.

క్రెష్‌కి పంపే తల్లిదండ్రులు రేపే ఒక మార్పు అడగవచ్చు. సాయంత్రం పిల్లాణ్ని అప్పగిస్తూ “మొత్తం తినేశాడు”, “సగం వదిలేశాడు” అని చెప్పే అలవాటు మానుకోమనండి. ఏం పెట్టారో, ఎప్పుడు పెట్టారో చెబితే చాలు. బరువు సంగతి డాక్టర్ దగ్గర చూసుకోవచ్చు.