సెన్సిటివిటీ స్లైడర్ గారికి, మీ బాధితుడు వ్రాయునది

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం మీ ఒక్కరిదే అయిపోయింది. నిన్న మధ్యాహ్నం రెండింటికి "ఒక్క మ్యాచ్ ఆడి లేస్తా" అని కూర్చున్నవాణ్ణి ఆరింటికి లేచాను. ఆడింది రెండు మ్యాచ్‌లు. మిగతా టైమంతా తమరి సేవలోనే, అంటే మౌస్ ఎంత జరిపితే ఆటలో చూపు అంత తిరగాలని చెప్పే మీ అంకెని అటూ ఇటూ లాగడంలోనే.

మూల దగ్గర శత్రువు ఒకడు ఎదురైతే నా క్రాస్‌హెయిర్, అదే తెర మధ్యలో ఉండే గురి గుర్తు, వాడి తల దాటి గోడ మీదికి పోయింది. ఇంకేముంది, సెన్సిటివిటీ ఎక్కువైందన్నమాట! 1 నుంచి 0.9కి దించాను. తర్వాతి చావులో అది తల దాకా రానే లేదు. 0.95 పెట్టి ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్తే పది నిమిషాలు దేవుడిలా ఆడాను. కొత్త అంకె పెట్టిన పది నిమిషాలూ ఎవడైనా దేవుడే. ఆ పది నిమిషాల మీదే మీరు బతుకుతున్నారు.

అంతటితో ఆగానా, స్కేలు తెచ్చాను. 800 డీపీఐ (అంగుళం జరిపితే మౌస్ లెక్కపెట్టే అడుగులు) మీద కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ ఆటలో సెన్సిటివిటీ 1 అయితే ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ దాదాపు 52 సెంటీమీటర్లు జరగాలి. నా మౌస్‌ప్యాడ్ 45, స్కేలు 30. మౌస్‌ని మధ్యలో ఎత్తి పెట్టి, పెన్సిల్‌తో గీతలు గీసి, మళ్లీ కొలిచి... అదే తిరుగుడు వాలరెంట్ అనే ఇంకో షూటింగ్ ఆటలోనూ కావాలంటే 3.18తో భాగించాలి, 0.314 వచ్చింది. ఆ చివరి 4 ఉంచాలా తీసేయాలా అని ఇరవై నిమిషాలు ఆలోచించాను సార్. నా చెయ్యి వణుకు అంతకంటే ఎక్కువుంటుంది.

మెల్లగా జరిపితే జానెడు, విసిరితే మూరెడు పోయే మౌస్ యాక్సిలరేషన్ గారికి వేరే ఉత్తరం రాస్తాను. ప్రో ప్లేయర్ల సెట్టింగులు కూడా అచ్చంగా దించాను. అంకెలు వచ్చాయి, చెయ్యి రాలేదు.

రాత్రి రీప్లే చూశాను. పద్నాలుగు చావుల్లో తొమ్మిదిసార్లు క్రాస్‌హెయిర్ నేల మీద ఉంది. చిల్లర పారేసుకున్నవాడిలా నేల చూసుకుంటూ నడుస్తున్నాను! మూల తిరగకముందే వాడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ పెట్టి ఉంచితే ఆ తర్వాత జరపాల్సింది ఎంతని? మిగతా ఐదుసార్లూ పరిగెడుతూనే కాల్చాను, ఆగకుండా కాలిస్తే బుల్లెట్ ఎటు పోతుందో దానికే తెలీదు. ఇందులో నీ పాత్ర ఎక్కడుంది? ఒక్కమాట చెప్పొచ్చు కదా, "బాబూ, తప్పు నా దగ్గర లేదు" అని? చెప్పవు. ఎటు లాగితే అటు జరుగుతావు, నవ్వుకుంటావు. చేతికి ఒక అంకె అలవాటవ్వాలంటే వారాలు పడుతుంది, నువ్వేమో సెకనులో మారిపోతావు. ఆడలేక మద్దెల ఓడు అన్నావిడ మద్దెలకి స్లైడర్ లేదు కాబట్టి సరిపోయింది, ఉండుంటే ఆవిడ ఇప్పటికీ ఆట మొదలుపెట్టేది కాదు.

పడుకునే ముందు కాగితం మీద 1 అని పెద్దగా రాసి మానిటర్ కింద అతికించాను, ఇక ముట్టుకునేది లేదని. పొద్దున్నకి దాని మీద రెండు కొట్టివేతలున్నాయి.

ఇట్లు
తమ విధేయుడు
(ప్రస్తుతానికి 0.97)