‘ఫారంలో ఇంగ్లీష్ అనే రాయండి’: ఏటా తిరిగే ఆ ఫార్వర్డ్‌కు జవాబు

ఆగస్టు దగ్గరపడితే చాలు, మా టెక్సస్ తెలుగు గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. పిల్లల్ని కొత్తగా బళ్ళో వేసేవాళ్ళకు సలహాలట. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ఇంటి భాష అడిగే ఫారంలో తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీష్ సరిగా రాని పిల్లలకు ఇచ్చే ప్రత్యేక సాయం) పడేస్తారు, పిల్లలు వెనకబడిపోతారు, కాబట్టి ఇంగ్లీష్ అనే రాయండి. ఇంట్లో కూడా తెలుగు తగ్గించండి. పిల్లకు ఏదైనా ఇబ్బంది ఉందేమో చూడటానికి టెస్టింగ్ చేస్తామంటే సంతకం పెట్టకండి, స్పెషల్ ఎడ్ (వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే ప్రత్యేక విద్య) ముద్ర కాలేజీ దాకా వెంటాడుతుంది. డిస్ట్రిక్ట్ (మన ప్రాంతపు బళ్ళను నడిపే సంస్థ) ఎలాగూ వెనకబడ్డ పిల్లల్నే పట్టించుకుంటుంది, చురుకైనవాళ్ళకు బయట క్లాసులే గతి.

రాసినవాళ్ళది మంచి ఉద్దేశమే కావచ్చు. కానీ నాలుగింటిలో మూడు తప్పు. నాలుగోది సగం తప్పు.

ముందు ఫారం సంగతి. తెలుగు అని రాసినంత మాత్రాన పిల్లను తీసుకెళ్ళి ఎక్కడా పడేయరు. ఒక చిన్న పరీక్ష పెడతారు. అందులో ఇంగ్లీష్ బాగానే వచ్చని తేలితే అందరిలాగే మామూలు క్లాసు. రాదని తేలితే సాయం ఇస్తామంటారు, దానికి మీ ఒప్పుకోలు అడుగుతారు. వద్దనే హక్కు కూడా మీదే. ఇది డిస్ట్రిక్ట్ దయతలచి చేసే పని కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీష్ రాని సుమారు 1,800 మంది చైనీస్ పిల్లలకు ఏ సాయమూ అందడం లేదని కేసు వేస్తే, 1974లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: భాషే అర్థం కాని పిల్లకు అందరితో పాటు అదే పుస్తకం, అదే టీచర్‌ను ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని. లావ్ వర్సెస్ నికోల్స్ అంటారు ఆ కేసును.

మావాణ్ణి కిండర్‌లో వేసినప్పుడు మేం తెలుగు అనే రాశాం. పరీక్షలో గొడుగు బొమ్మ చూపిస్తే ‘గొడుగు’ అన్నాడట. టీచర్ గారు మళ్ళీ అడిగితే, ఆవిడకు వినపడలేదనుకుని ఇంకా గట్టిగా ‘గొడుగు’ అన్నాడట. ఆ ఏడాదంతా రోజూ కాసేపు నలుగురైదుగురు పిల్లలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, బొమ్మలతో, చిన్న చిన్న వాక్యాలతో మాట్లాడించారు. రెండో తరగతి చివర్లో ఈఎస్ఎల్ నుంచి బయటికొచ్చాడు. ఆ తర్వాత కూడా రెండేళ్ళు వాడి మార్కుల మీద ఒక కన్నేసి ఉంచారు. వెనకబడటం అంటే ఇదే అయితే నాకేం అభ్యంతరం లేదు.

అదే ఫారంలో ఇంగ్లీష్ అని రాసి ఉంటే? చెప్పింది అర్థంకాక కిటికీలోంచి చూస్తూ కూర్చునే పిల్లాణ్ణి, వీడికి శ్రద్ధ లేదని టీచర్ అనుకోరా మరి? ఇంట్లో వేరే భాష ఉందని ఆవిడకు చెప్పాల్సిన కాగితం మీదే అబద్ధం రాశాం కదా.

ఇక ఇంట్లో తెలుగు తగ్గించడం. మా బళ్ళో టీచర్లు చెప్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: మీకు బాగా వచ్చిన భాషలోనే కథలు చెప్పండి, కబుర్లు చెప్పండి అని. నేను కష్టపడి ఇంగ్లీష్ మాట్లాడితే వాడికి అబ్బేది నా యాసే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మూడో సలహా, టెస్టింగ్‌కు ఒప్పుకోవద్దన్నది. మాకు తెలిసినవాళ్ళ పాపకు ‘క’ పలికేది కాదు. కాకి ‘తాతి’, కేక్ ‘టేట్’. ఈ మెసేజ్ చదివి వాళ్ళు ఏడాదిపాటు సంతకం పెట్టలేదు. ఈలోగా పాప క్లాసులో నోరు విప్పడమే మానేసింది. చివరికి ఒప్పుకున్నారు. టెక్సస్‌లో సంతకం పెట్టాక సాధారణంగా 45 బడి దినాల్లో పరీక్షల రిపోర్టు ఇవ్వాలి. తర్వాత ఆర్డ్ మీటింగ్, అంటే పిల్లకు ఏ సాయం కావాలో బడివాళ్ళూ తల్లిదండ్రులూ కూర్చుని తేల్చుకునే సమావేశం. పిల్లల కుర్చీల్లో ఒదిగి కూర్చున్న టీచర్లు, స్పీచ్ థెరపిస్ట్, వాళ్ళ మధ్య తల్లీదండ్రీ. పరీక్షకు ఒక సంతకం, సేవలు మొదలుపెట్టడానికి ఇంకో సంతకం. మొదటిది పెట్టారు కదా అని రెండోది పెట్టి తీరాలని లేదు. పైసా ఖర్చు లేదు. 1975 నుంచీ ఇది దేశమంతటికీ చట్టం. 2017లో కొలరాడోలోని డగ్లస్ కౌంటీ డిస్ట్రిక్ట్ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా అంది: ఏదో నామమాత్రంగా సాయం చేస్తే చాలదు, ఆ పిల్ల పరిస్థితికి తగ్గట్టు ముందుకు వెళ్ళేలా ప్లాన్ ఉండాలని.

కాలేజీ భయం కూడా ఉత్తదే. ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్‌లో పిల్లకు రాసిచ్చే ఆ ప్లాన్, హైస్కూల్‌తో ముగిసిపోతుంది. కాలేజీకి పంపే ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) మీద వైకల్యం సంగతి రాయరు. అక్కడ సాయం కావాలంటే విద్యార్థే వెళ్ళి అడగాలి.

డిస్ట్రిక్టులన్నీ బంగారం అని కాదు. టెక్సస్‌లో 2004 నుంచి రాష్ట్ర విద్యాశాఖ స్పెషల్ ఎడ్ పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు ఒక లెక్క పెట్టింది. ఆ లెక్క దాటకుండా ఉండటానికి చాలాచోట్ల అవసరమున్న పిల్లలకు పరీక్షలే చేయకుండా జాప్యం చేశారు. 2016లో ఒక పత్రిక బయటపెట్టేదాకా ఇది సాగింది. ఇది చట్టవిరుద్ధమని 2018లో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. అంటే ఇక్కడ తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి పోరాడింది మా పిల్లకు పరీక్ష చేయండి మహాప్రభో అని. మన ఫార్వర్డేమో చేస్తామన్నా ఒప్పుకోవద్దంటుంది.

చివరిది, చురుకైన పిల్లల సంగతి. రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో పాసయ్యే పిల్ల మీద టీచర్ దృష్టి తగ్గుతుందన్నది కొంతవరకు నిజమే. క్లాసులో ఇరవైమందికి పైగా ఉంటే ఏ టీచరైనా ఏం చేస్తారు? కానీ గిఫ్టెడ్ పిల్లలను గుర్తించి వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సిన బాధ్యత టెక్సస్‌లో ప్రతి డిస్ట్రిక్ట్ మీదా ఉంది. పరీక్షకు పిల్ల పేరు తల్లిదండ్రులే ఇవ్వొచ్చు. పై తరగతి లెక్కలకు దూకాలంటే క్రెడిట్ బై ఎగ్జామ్ ఉంది, అంటే ఆ క్లాసులో కూర్చోకుండానే పరీక్ష రాసి దాటేయడం; నూటికి 80 మార్కులు రావాలి. హైస్కూల్‌కు వెళ్ళాక డ్యూయల్ క్రెడిట్ (అక్కడే చదివితే కాలేజీ లెక్కలోకీ వచ్చే కోర్సులు) కూడా ఉంటుంది. బయట క్లాసులకు పంపడం మీ ఇష్టం, మేమూ కొన్నాళ్ళు పంపాం. కాకపోతే ఏటా వచ్చే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో అన్నిటికన్నా పెద్ద అంకె ఎవరిదో ఒకసారి చూడండి. ఐఎస్‌డీదే, అంటే మన స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. ఇప్పటికే కట్టినదాన్ని వాడుకున్నాక బయట కట్టొచ్చు.

ఈ పరీక్షలకు పేరివ్వడానికి గడువు మాత్రం చాలా ముందే అయిపోతుంది. మేం ఒక ఏడాది అలాగే పోగొట్టుకున్నాం. ఆ తేదీలు ఏ గ్రూపులోనూ ఎవరూ పెట్టలేదు.