బకెట్ రైతుకు పాసుబుక్ ఏది?

పాలమూరు వ్యవసాయంలో కొత్త అధ్యాయం మొదలైంది. దీన్ని ఏ మంత్రీ ప్రారంభించలేదు, ఎక్కడా శిలాఫలకం పడలేదు. మెట్టుగడ్డ వైపో ఏనుగొండ వైపో ఏ కాలనీలోనైనా పొద్దున ఆరింటికి తలెత్తి చూడండి. లుంగీ కట్టుకున్న ఓ ఉద్యోగి మిద్దె మీద పెయింట్ బకెట్ల మధ్య నడుము మీద చేతులేసుకుని ఆకాశం చూస్తుంటాడు. మబ్బు పట్టిందా లేదా అని పరిశీలన. పట్టినా పట్టకపోయినా ఆయనకు ఫరక్ పడదు, పోసేది నల్లా నీళ్లే. కానీ రైతన్నాక ఆకాశం చూడాలి కదా.

ఇంత నిష్ఠగా సేద్యం చేస్తున్న ఈ వర్గానికి ఇప్పటిదాకా గుర్తింపు లేదు. పాసుబుక్ లేదు, పెట్టుబడి సాయం లేదు, కనీసం ‘అన్నదాత’ అని పిలిచే దిక్కు లేదు. ఈ అన్యాయాన్ని పెద్దల దృష్టికి తీసుకురాక తప్పడం లేదు.

ముందుగా భూమి సంగతి చూద్దాం. మిద్దె రైతు భూమి లేనివాడని ఎవరూ అనుకోవద్దు. ఆయన తాతకు చెలక ఉండేది. జొన్నలో కంది సాళ్లు వేసేవాళ్లు, గట్ల మీద ఆముదం చెట్లుండేవి. తర్వాత జడ్చర్ల, బాలానగర్, షాద్‌నగర్ మీదుగా హైవే వెంట వెంచర్లు వచ్చాయి. చెలక ప్లాట్లయింది, కంది సాళ్లున్న చోట హద్దురాళ్లు నిలబడ్డాయి. ఆ పైసలతో టౌన్‌లో ఇల్లు లేచింది. ఆ ఇంటి మీద కూరగాయలు పండించాలన్న బుద్ధి పుట్టాక చూసుకుంటే, ఇంటిల్లిపాదికీ కలిపి పిడికెడు మట్టి లేదు. దాంతో ఎర్రమట్టిని ఆన్‌లైన్‌లో సంచుల లెక్కన తెప్పించాడు. పెంట కూడా వచ్చింది, రంగురంగుల కవర్లో, కిలోల చొప్పున, మీద ఆవు బొమ్మతో. ఆ పార్సిల్ విప్పిన రోజు వాళ్లమ్మ చాలాసేపు దాన్ని తిప్పితిప్పి చూసింది. “మన దిబ్బల పెంటను ట్రాక్టర్ కిరాయిచ్చి తోలిచ్చినం గద కొడుకా, గిప్పుడు మల్ల పైసలు వెట్టి కొంటున్నవా?” అని అడిగింది. పెద్దవాళ్లకు టెక్నాలజీ అంత తొందరగా అర్థం కాదు.

మిశ్రమం మాత్రం శాస్త్రోక్తంగానే కలిపాడు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన ఎరువు సమపాళ్లలో, పైన గుప్పెడు వేపపిండి. బకెట్ అడుగున బొక్కలు కొట్టడమే మరిచిపోయాడు. నీళ్లు పోతాయేమోనని భయం, కరువు జిల్లా రక్తం మరి. నీళ్లు ఎక్కడికీ పోలేదు, వేర్లే కుళ్లిపోయాయి. తర్వాత డ్రిల్లింగ్ మిషన్ కొన్నాడు. ఇది యాంత్రీకరణ కిందికి వస్తుంది కాబట్టి సబ్సిడీ అడిగే హక్కు ఆయనకుంది.

బరువు విషయంలో కూడా కొంచెం చర్చ జరిగింది. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుని స్లాబ్ డిజైన్ చేయాలని ఇంజనీరింగ్ ప్రమాణాలు చెబుతాయి. తడి మట్టితో నిండిన 20 లీటర్ల బకెట్ ఒక్కటే పాతిక ముప్పై కిలోలు తూగుతుంది. మన రైతు బకెట్లన్నీ మిద్దె నడిమిట్ల గుంపుగా పెట్టాడు, ఫొటోలో బాగా పడతాయని. మేస్త్రీ వచ్చి చూసి, గోడల వెంట, బీముల మీదికి జరుపమన్నాడు. పాలమూరులో వలస కొత్తేమీ కాదు కాబట్టి బకెట్లు కిక్కురుమనకుండా తరలిపోయాయి.

సాగునీటి విషయంలో ఈ రైతు సాధించింది తక్కువేమీ కాదు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది, మొదటి మోటారు తిరగడానికి 2023 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మిద్దె ఎత్తిపోతలకు అంత కాలం పట్టలేదు. సంపు మొదటి దశ, ట్యాంకు రెండో దశ, పైపు అందని మూల బకెట్లకు చెంబుతో మూడో దశ, అన్నీ ఒకే పూట పూర్తయ్యాయి. ఎండాకాలంలో మాత్రం రోజుకు రెండు తడులు తప్పవు. తొట్టిలో ఉండేదే గంపెడు మట్టి, కింద స్లాబ్ కాలుతుంటుంది, తేమ ఎంతసేపు నిలుస్తుంది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. రోళ్లు పోయి మిక్సీలొచ్చాయి, కాబట్టి ఇప్పుడు గ్రో బ్యాగులు పగులుతున్నాయి. కార్తె తన పని తాను చేసుకుపోతూనే ఉంది.

ఊరికి పోయినప్పుడు ఏం చేస్తాడంటారా? దానికీ మన జిల్లాలోనే ఆదర్శం ఉంది. పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, 2018లో, అటవీ శాఖవాళ్లు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. దేశమంతా ఆ ఫొటోలు చూసింది. ఆ స్ఫూర్తితోనే మిద్దె రైతు మెడికల్ షాపులో సెలైన్ ట్యూబులు కొని, నీళ్ల సీసాలకు బిగించి, ఒక్కో వంగ మొక్కకు చుక్క చుక్క ఎక్కిస్తూ తిరుపతి పోయి వచ్చాడు. పక్కింటివాళ్లు ఆస్పత్రి అనుకున్నారట. తిరిగొచ్చేసరికి రోగులు బతికే ఉన్నారు.

అసలు ప్రయోగం పెద్ద తొట్టిలో జరిగింది. కూరగాయలు, ఆకుకూరలు, పూలు విడివిడిగా ఎందుకు, అన్నీ ఒకే తొట్టిలో కలిసిమెలిసి పెరుగుతాయని వీడియోలో చెప్పారు. కాబట్టి నడుమ టమాటా, చుట్టూ కొత్తిమీర, ఓ మూలకు పుదీనా, ఇంకో మూలకు బంతి, తులసి, ఖాళీగా ఉంది కదా అని కలబంద. తొట్టిలో జాతీయ సమైక్యత వెల్లివిరిసింది. వారం దాకా ఫొటోలు కూడా వచ్చాయి.

తర్వాత పుదీనా అసలు రంగు బయటపడింది. పుదీనా పైకి చూస్తే అమాయకంగా ఉంటుంది, మట్టి లోపల పాకుడు కాడలతో పని కానిస్తుంది. చూస్తుండగానే కొత్తిమీర హద్దులు దాటింది, టమాటా మొదలు చుట్టూ పాగా వేసింది, తులసి సర్వే నంబర్లోకి వచ్చింది. పుదీనాను విడి కుండీలోనే పెంచాలని తెలిసినవాళ్లు అందుకే చెబుతారు. పట్నంలో కబ్జాలు తొలగించడానికి హైడ్రా ఉంది. పాలమూరు మిద్దెల మీద పుదీనాను అడిగేవాడు లేడు. కలబందకు పొడి మట్టి కావాలి, పుదీనాకు ఎప్పుడూ తడి ఉండాలి. ఇద్దరికీ న్యాయం చేయాలని మన రైతు మధ్యేమార్గంగా నీళ్లు పోశాడు. కలబంద కుళ్లింది, పుదీనా ఇంకా కావాలంది.

కొత్తిమీర కథ వేరు. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లితే ఎనిమిది పది రోజులకు మొలక వస్తుంది. చలికాలంలోనైతే నెల దాటాక ఆకు కోసుకోవచ్చు. మన రైతు ఏప్రిల్‌లో చల్లాడు. ఆ ఎండకు కొత్తిమీర నాలుగు ఆకులేసి, బతుకు మీద ఆశ వదులుకుని, నేరుగా పూతకొచ్చి గింజ కట్టింది. వాళ్లమ్మ ఆ పంట చేతిలో పోసుకుని చూసి, “ధనియాలేసి ధనియాలే తీస్తివి గద బిడ్డా” అంది. మెచ్చుకుందో లేదో ఆయనకు ఇప్పటికీ తేలలేదు.

బంతికి కాపలా ఉద్యోగం ఇచ్చారు. బంతి వేళ్ల నుంచి వచ్చే రసాయనం మట్టిలోని నులిపురుగులను అణుస్తుందన్నది నిజమే. అయితే అది మడి నిండా ఒత్తుగా బంతి వేసి, నెలల తరబడి ఉంచినప్పటి మాట. తొట్టికొక్క మొక్కను నిలబెట్టి, జిల్లా మొత్తానికి ఒక్క కానిస్టేబుల్‌ను వేసి శాంతిభద్రతలు చూడమంటే ఎలా? పైగా కాపలాదారు విధుల్లో ఉండగానే బతుకమ్మ వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లు సద్దుల నాటికి పూలన్నీ తెంపి పేర్చేశారు. నా దృష్టిలో ఆ తోటలో అక్కరకొచ్చిన పంట అదొక్కటే.

బీర గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది ఉద్యోగులకు అనుకూలమైన పంట. పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, అంటే ఆఫీసు వేళలకు అడ్డం రాదు. ముందు మగపూలే వస్తాయి. గుత్తులు గుత్తులుగా వచ్చి రాలిపోతుంటే పిందె పడలేదని మన రైతుకు టెన్షన్. కొన్నాళ్లకు వెనక చిన్న కాయ ఉన్న ఆడపువ్వు కనబడింది. కాలనీలో తేనెటీగలు అంతంత మాత్రం. అప్పుడాయన పిల్లల డ్రాయింగ్ బ్రష్ పట్టుకుని, సెల్‌ఫోన్ లైట్ వెలుతురులో స్వయంగా సంబంధం కుదిర్చాడు. కాయ పట్టింది. ఆ ఇంట్లో ఓ పెళ్లి కావాల్సిన తమ్ముడున్నాడు, ఆయన విషయంలో ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టలేదు.

పురుగు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. పేనుబంక వచ్చింది, పిండినల్లి వచ్చింది, లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టాడు. కొన్ని చచ్చాయి.

ఇక గిట్టుబాటు ధర. 2023 జూలైలో కిలో టమాటా వంద దాటినప్పుడు మొదలుపెట్టిన సేద్యం ఇది. ఎండలు ముదిరితే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. పట్టిన కాయలు పండేసరికి రైతుబజార్‌లో ధర పడిపోయింది. ఆ రోజుతో ఆయన అచ్చమైన రైతయ్యాడని నేను ధ్రువీకరిస్తున్నాను. ఆవేశంతో స్వామినాథన్ లెక్క తీశాడు. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ సాగు ఖర్చుకు మరో 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వాలని చెప్పింది. ఆ ఖర్చును సీ2 ప్రకారం కట్టాలని రైతు సంఘాలు అడుగుతున్నాయి. అంటే విత్తనం, ఎరువులతో పాటు ఇంటివాళ్ల చాకిరీ, సొంత భూమికి కౌలు, పెట్టుబడికి వడ్డీ కూడా చేర్చాలి. మిద్దెకు కౌలంటే పెంట్‌హౌస్ అద్దె. చాకిరీకి ఉపాధి హామీ కూలీ కట్టాలా, పీఆర్సీ స్కేల్ కట్టాలా అన్న దగ్గర కొంచెం ఆగి, స్కేల్‌కే మొగ్గాడు. లెక్క తేలాక ఒక్కో టమాటాకు వచ్చిన ధర విని, ఇంట్లోవాళ్లు ఆ కాయను పప్పులో వేయడానికి జంకారు.

కేంద్రం మద్దతు ధర ప్రకటించేది 22 పంటలకేనని, అందులో టమాటా లేదని తర్వాత తెలిసింది. ఆయన నిర్ఘాంతపోయాడు. “మరి ఇన్నాళ్లు రైతులు ఎట్ల బతుకుతున్నరే?” అని అడిగాడు. అడిగింది రైతుబజార్‌లో, తోటకూర కట్టలు ఇరవైకి నాలుగు కాదు ఐదు ఇయ్యమని ఓ ముసలమ్మతో బేరమాడుతూ. ఆమె జవాబు చెప్పలేదు, కట్ట కూడా ఎక్కువ ఇవ్వలేదు.

కాబట్టి డిమాండ్లు. రైతు భరోసా మిద్దెకూ వర్తించాలి. 121 గజాలంటే గుంట, 40 గుంటలు ఎకరం. ఎకరాకు పంటకు 6,000 చొప్పున గుంట మిద్దెకు 150 రూపాయలు వస్తాయి. జిరాక్సులకు, ఆటోకు పోను మిగిలింది పెట్టుబడి కింద వాడుకుంటాడు. మిద్దె నేల స్వభావాన్ని రికార్డుల్లో ‘సిమెంటు చెలక’గా నమోదు చేయాలి. కింద అద్దెకున్నవాళ్లు వారానికోసారి కరివేపాకు తెంపుకుపోతున్నారు, వాళ్లు రేపు కౌలు రైతులమని వస్తే ఏం చేయాలో ముందే జీవో ఇవ్వాలి.

చివరిది కోతుల సమస్య. అవి ఎనిమిదింటికి ట్యాంకు మీదుగా దిగుతాయి. టమాటాను కొరికి, నచ్చకపోతే పారేసి ఇంకోటి తెంపుతాయి. బీర పిందె ఒక్కటి మిగల్చవు. మిరపను మాత్రం వాసన చూసి వదిలేస్తాయి. పాత పహాణీల్లో పట్టాదారు కాలమ్‌కు తోడు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది, భూమి ఎవరి పేరున ఉంది, తింటున్నది ఎవరు అని తేడా తెలియడానికి. మిద్దె రైతుకు పాసుబుక్ ఇచ్చేటప్పుడు ఆ రెండు కాలమ్‌లూ తప్పకుండా ఉంచాలి. పట్టాదారుగా ఆయన పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు రాసుకోండి, అభ్యంతరం లేదు. రెండో కాలమ్ నింపడానికి వచ్చే వీఆర్వోనో, ఆ పనిలో ఇప్పుడున్న వాళ్లెవరో, దయచేసి పొద్దున ఎనిమిదింటికి రావాలి. కర్ర కూడా తెచ్చుకోవాలి.