కాలువ గట్టున బ్రహ్మముడి

ప్యాంటు ఇంకా ఆరలేదు. ఈలోగా రాసేస్తే మంట కాస్త తగ్గుతుందని కూర్చున్నా.

ఇంగ్లండ్‌లో శనివారం పొద్దున. కారు షెడ్డులో, సంచులు ఇంట్లో, పది కిలోల బియ్యం, పాల డబ్బా సూపర్‌మార్కెట్ ట్రాలీలో. ట్రాలీతోనే ఇంటికెళ్ళి, మళ్ళీ తెచ్చి పెట్టేద్దామనుకున్నా. (అందరూ మొదట అలాగే అనుకుంటారేమో.) దగ్గర దారి కెనాల్ గట్టు మీదుగా.

అక్కడ, ఎండకి మడుగులో దిగిన గేదెలా, అదే సూపర్‌మార్కెట్ ట్రాలీ ఇంకొకటి. ముక్కు నీళ్ళలో, హ్యాండిల్ గట్టు మీద. హ్యాండిల్ దగ్గర, ట్రాలీ తీసుకునేముందు పూచీగా నాణెం వేసే డబ్బీలో ఏదో మెరిసింది. పౌండ్! వంద రూపాయల పైమాటే. ఇన్నేళ్ళయినా ఆ లెక్క మానలేదు నేను.

ఆ నాణెం వేళ్ళతో లాగితే రాదు. ఇంకో ట్రాలీ గొలుసు చివరుండే తాళం ఆ డబ్బీలో గుచ్చాలి, అప్పుడే బయటికి ఉమ్ముతుంది. ఇంకో ట్రాలీ నా దగ్గరుంది కదా! దైవసంకల్పమే అనుకున్నా. మోకాళ్ళ మీద కూర్చుని, ఎడంచేత్తో బియ్యం ట్రాలీని ఒడిసి పట్టుకుని, కుడిచేత్తో నాచు తుడిచి, తాళం గుచ్చా. టక్! నాణెం అరచేతిలో పడింది.

గుండ్రంగా ఉంది.

ఇప్పటి పౌండ్‌కి పన్నెండు పలకలు. గుండ్రటిది 2017 అక్టోబర్ 15తో చెల్లకుండా పోయింది. అంటే ఆ గేదె అప్పటినుంచీ అక్కడే ఉందన్నమాట!

అసలు సంగతి అప్పుడు వెలిగింది. తాళం పడిందంటే రెండు ట్రాలీలకీ బ్రహ్మముడి పడినట్టే. జానెడు గొలుసు. విడాకులు కావాలంటే మళ్ళీ పౌండ్ వెయ్యాలి. నేను జేబు తడుముకుంటుంటే పెళ్ళికూతురు బురదలోకి ఇంకాస్త జారింది, పెళ్ళికొడుకు బియ్యంతో సహా వెనకే బయల్దేరాడు. నేను కాలు అడ్డం పెట్టా. ముగ్గురం కదిలాం.

సరిగ్గా అప్పుడే కుక్కతో ఒక పెద్దావిడ వచ్చింది. నడుం దాకా నీళ్ళలో నేను, చేతిలో ట్రాలీ. ఆవిడ రెండు ట్రాలీల్నీ చూసింది, నన్ను చూసింది. "ఓహో, మీరేనా!" అంది. ఏళ్ళ నాటి కేసు తేలిపోయిన తృప్తి ఆ గొంతులో. కుక్క కూడా నమ్మేసింది.

పాలడబ్బా తేలింది. బియ్యం తేల్లేదు.

ఇంటికొచ్చి, బుద్ధిమంతుడిలా ఫోన్లు చేశా. సూపర్‌మార్కెట్ వాళ్ళు మా కార్ పార్క్ దాటాక కౌన్సిల్‌ని, అంటే ఇక్కడి మునిసిపాలిటీని, అడగమన్నారు. కౌన్సిల్ వాళ్ళు నీళ్ళు మావి కావన్నారు. కెనాల్ వాళ్ళు నీళ్ళు మావే గానీ ట్రాలీ మాది కాదన్నారు. ఇంతా చేసి, 1990 నాటి పర్యావరణ చట్టంలో దిక్కులేని ట్రాలీల కోసమే ఒక షెడ్యూల్ ఉంది! కౌన్సిల్ తీర్మానం చేసుకుంటే వాటిని పట్టుకెళ్ళొచ్చు, ఖర్చు సొంతదారు దగ్గర రాబట్టొచ్చు. ఆ "చేసుకుంటే" దగ్గరే గేదె ఇన్నేళ్ళూ హాయిగా పడుకుంది.

చివరికి కౌన్సిల్‌కే మళ్ళీ చేశా. ఫిర్యాదు రాసుకుంటూ ఆ అమ్మాయి, "నీళ్ళలో మొత్తం ఎన్ని ట్రాలీలున్నాయండీ?" అని అడిగింది.

"పొద్దున దాకా ఒకటే," అన్నా.